రాజీవ్ రహదారి: సికింద్రాబాద్ నుంచి ప్రజ్ఞాపూర్ దాకా ఒక సమీక్ష

రాజీవ్ రహదారి మీద ప్రయాణం చేసేవారికి అది మంచి రోడ్డు. దాన్ని రోజూ అడ్డంగా దాటవలసినవారికి మాత్రం కాదు. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. తెలంగాణ రాష్ట్ర రహదారుల్లో ఒకటో నంబరు పొందిన ఈ మార్గం సికింద్రాబాద్ నుంచి బయలుదేరి శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండం వైపు సాగుతుంది. 2010 తరువాతి సంవత్సరాల్లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో హైదరాబాద్, రామగుండం మధ్య సుమారు 207 కిలోమీటర్ల మేర దీన్ని నాలుగు వరుసలుగా విస్తరించారు. మొత్తం మార్గాన్ని గురించి కాక, నగరం అన్నిటికంటే వేగంగా విస్తరిస్తున్న మొదటి అరవై కిలోమీటర్ల గురించే ఇక్కడ రాస్తున్నాను. ఈ భాగంలో ఒకే రోడ్డు కరీంనగర్ బస్సుకు రహదారిగానూ, పక్క కాలనీలో పాల ప్యాకెట్టు కోసం బయటికి వచ్చిన మనిషికి వీధిగానూ ఏకకాలంలో పనిచేయవలసి వస్తోంది. రెండు పనులూ సరిగా జరగకపోవడానికి మూలం అక్కడే ఉంది.

సికింద్రాబాద్ వైపు నుంచి మొదలుపెడితే, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) దాటిన దగ్గర నుంచి కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ వరకు ఉన్నది పేరుకే రాష్ట్ర రహదారి. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు గుండా ఈ రోడ్డు వెళుతుంది కాబట్టి చాలాచోట్ల ఇరుపక్కల భూమి రక్షణ శాఖది. నగరంలోని ఇతర దిక్కుల్లో రోడ్లు వెడల్పు అవుతున్న కాలంలోనూ, పైవంతెనలు లేస్తున్న కాలంలోనూ, ఈ దిక్కున ఏ ప్రతిపాదన వచ్చినా భూమి దగ్గరే ఆగిపోయేది. ఈలోగా కంటోన్మెంటుకు ఆవల జనం పెరుగుతూ వచ్చారు. అల్వాల్ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. ఆ తరువాత తూంకుంట వైపు అపార్టుమెంట్లు, విల్లాలు వరుసకట్టాయి. వాటన్నిటిలో ఉండేవారు నగరంలోకి రావడానికి వాడుకునేది ప్రధానంగా ఈ రోడ్డునే. ఉదయం ఎనిమిదిన్నర, పదిన్నర మధ్య నగరం వైపు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు నగరం నుంచి బయటికి, తిరుమలగిరి, లోతుకుంట కూడళ్ల దగ్గర వాహనాలు సిగ్నలు తరువాత సిగ్నలు ఆగుతూ కదులుతాయి. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో రాష్ట్రపతి విడిది చేసే రోజుల్లో ట్రాఫిక్ ఆంక్షలు కూడా ఉంటాయి కాబట్టి, ఆ సమయంలో జేబీఎస్‌లో బస్సు అందుకోవలసినవారు ముందురోజే పత్రికలో వచ్చే మళ్లింపు వివరాలు చూసుకుని బయలుదేరడం మంచిది.

ఈ ఇరుకుకు పరిష్కారంగా ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దగ్గరి ఔటర్ రింగ్ రోడ్డు వరకు సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంతకు కొద్దిరోజుల ముందే రక్షణ శాఖ భూమి ఇవ్వడానికి అంగీకరించింది. అప్పటి అంచనా వ్యయం 2,232 కోట్ల రూపాయలు. హకీంపేటలో వైమానిక దళ రన్‌వే ఉండటంతో అక్కడ వంతెన ఎత్తడానికి వీలులేక, కొంత దూరం భూగర్భ మార్గం ప్రతిపాదించారు. దశాబ్దాల తరబడి ఎదురుచూసిన పని ఇది, దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే పై రోడ్డు వల్ల బాగుపడేది ముఖ్యంగా సిద్దిపేట, కరీంనగర్ వెళ్లేవారూ, శామీర్‌పేట అవతల ఉండేవారూ. అల్వాల్‌లో ఇల్లు ఉండి తిరుమలగిరిలో బడికి పిల్లలను పంపే కుటుంబానికి కింది రోడ్డే గతి. దూరప్రయాణపు వాహనాలు పైకి వెళ్లిపోయిన తరువాత కింద మిగిలే స్థలాన్ని మళ్లీ మోటారు వాహనాలకే అప్పగిస్తే ఇంత ఖర్చుకూ సగం ఫలితమే దక్కుతుంది. అక్కడ తెగకుండా సాగే కాలిబాట, బస్సు పక్కకు ఒదిగి ఆగే చోటు, వృద్ధులు కూడా నిదానంగా దాటగలిగే సిగ్నళ్లు వస్తేనే కంటోన్మెంటు భాగం వీధిగా బతుకుతుంది. స్తంభాలు లేచాక ఈ మార్పులు చేయడం కష్టం కాబట్టి ఆ ప్రణాళిక ఇప్పుడే జరగాలి.

హకీంపేట దాటగానే రోడ్డు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. వైమానిక స్థావరం, పారిశ్రామిక భద్రతా దళపు శిక్షణ అకాడమీ, క్రీడా పాఠశాల వంటి పెద్ద ఆవరణలు ఉండటం వల్ల ఇక్కడ రోడ్డు మీదికి తెరుచుకునే గేట్లు తక్కువ. గేట్లు తగ్గితే అడ్డంగా వచ్చే వాహనాలు తగ్గుతాయి, బండి నడపడం తేలికవుతుంది. తూంకుంట దగ్గర ఆ సౌఖ్యం ముగుస్తుంది. అక్కడి నుంచి శామీర్‌పేట వరకు మూడు రకాల ప్రయాణాలు ఒకే తారు మీద కలిసిపోతాయి. ఔటర్ నుంచి దిగి అదే వేగపు అలవాటుతో వచ్చే కార్లు ఒక రకం. బిట్స్ పిలానీ ప్రాంగణానికీ, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికీ, చుట్టుపక్కల ఇంజినీరింగు కళాశాలలకూ వెళ్లే బస్సులూ, విద్యార్థుల ద్విచక్ర వాహనాలూ మరో రకం. మూడవది ఊరి రాకపోకలు: షేర్ ఆటోలు, పాల బండ్లు, పశువులు, కాలినడకన వెళ్లేవారు. 158 కిలోమీటర్ల ఔటర్ మీద నడక మనిషికి ప్రవేశం లేదు, అడ్డంగా దాటే కూడలి లేదు. అక్కడి నుంచి దిగిన డ్రైవరుకు ఈ రోడ్డు కూడా చూపుకు అలాంటిదే అనిపిస్తుంది: మధ్యలో డివైడరు, ఇరువైపులా రెండేసి వరుసలు, తెల్లని గీతలు. ఇది అలాంటి రోడ్డు కాదని గట్టిగా చెప్పే గుర్తు, ఔటర్ నుంచి దిగేచోట వేగం తగ్గించి తీరవలసిన ఏర్పాటు, ఇంకా బలంగా ఉండాలి.

దాటడం ఎంత కష్టమో లెక్క వేసి చూస్తే స్పష్టమవుతుంది. ఒకవైపు రెండు వరుసలు, తారు వేసిన అంచు కలిపి ఎనిమిదిన్నర మీటర్లు అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడిస్తే ఒక సగాన్ని దాటడానికి ఏడు సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ ఏడు సెకన్లలో 155 మీటర్లు ముందుకు వస్తుంది. 100 కిలోమీటర్ల వేగమైతే 195 మీటర్లు. అంటే దాటబోయే మనిషికి కనీసం అంత దూరం వరకు రోడ్డు ఖాళీగా కనబడాలి, ఆ దూరంలో ఉన్న కారు వేగాన్ని కంటితోనే అంచనా వేయగలగాలి. మోకాళ్ల నొప్పితో నడిచే వృద్ధురాలికి పది సెకన్లకు పైగా పడుతుంది, 80 కిలోమీటర్ల వేగానికే ఆమెకు కావలసిన ఖాళీ 220 మీటర్లు దాటిపోతుంది. ఇది ఒక సగం మాత్రమే. డివైడరు దగ్గర ఆగి, వెనక నుంచి వచ్చే లారీల గాలికి కొంగు సర్దుకుంటూ, రెండో సగం కోసం మళ్లీ ఎదురుచూడాలి. రోడ్డు వంపు తిరిగినచోట బస్సు ఆగితే, లేక ఆగిన బస్సు ముందు నుంచి దాటవలసి వస్తే, ఈ లెక్కలో ఏదీ మనిషి చేతిలో ఉండదు. తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ‘రాజీవ్ రహదారిపై రోడ్డు ప్రమాదం’ అన్న శీర్షిక తరచు కనిపించడానికి అతివేగం, మద్యం, నిర్లక్ష్యం కారణాలే కావచ్చు. కానీ ఏ తప్పూ చేయనివారిని కూడా ప్రమాదానికి ఎదురుగా నిలబెట్టే అమరిక ఈ రోడ్డుకు ఉందని మరచిపోకూడదు.

శామీర్‌పేట దాటి అలియాబాద్, తుర్కపల్లి మీదుగా వెళ్లే భాగం మరో విధంగా మారింది. తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీ మందుల, టీకాల పరిశ్రమలకు ప్రసిద్ధి. కొవాగ్జిన్ టీకా తయారుచేసిన భారత్ బయోటెక్ కూడా అక్కడే ఉంది. షిఫ్టు మారే వేళల్లో కంపెనీ బస్సులు వరుసగా రోడ్డెక్కుతాయి. ఇక్కడ నాలుగు వరుసల ప్రయోజనం నిజంగా తెలుస్తుంది. బస్సుల వరుస ఎడమవైపు సాగుతుంటే దూరప్రయాణపు వాహనం కుడివైపు నుంచి ఇబ్బంది లేకుండా ముందుకు పోగలదు. పాత రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా వచ్చే వాహనాన్ని చూసుకుంటూ ఓవర్‌టేక్ చేసిన రోజులు గుర్తున్న వారెవరూ ఈ విస్తరణ విలువను తక్కువ చేయరు. ముఖాముఖి ఢీకొనే భయాన్ని డివైడరు చాలావరకు తగ్గించింది. ఆ ఘనత ఈ రోడ్డుకు ఇవ్వవలసిందే.

వంటిమామిడిలో మాత్రం కాసేపు ఆగి చూడాలి. అక్కడి కూరగాయల మార్కెట్టు ఈ దిక్కున నగరానికి పెద్ద ఆధారం. తెల్లవారకముందే చుట్టుపక్కల మండలాల నుంచి టొమాటో పెట్టెలు, వంకాయ, బెండ బస్తాలు, ఆకుకూరల మోపులు ఎత్తుకుని ట్రాలీ ఆటోలూ, బొలెరోలూ, ట్రాక్టర్లూ వస్తాయి. వాటిలో సగం రోడ్డుకు అవతలివైపు నుంచే రావాలి. డివైడరులో వదిలిన ఖాళీలో ద్విచక్ర వాహనం క్షేమంగా నిలబడుతుంది, కారు కష్టంగా ఇముడుతుంది. ట్రాలీ తగిలించిన ట్రాక్టరు మాత్రం ఇమడదు. దాని ముందు చక్రాలు అవతలి వరుస అంచున ఉండగానే, ట్రాలీ వెనకభాగం ఇవతలి వేగపు వరుసలో నిలిచి ఉంటుంది. చాలా ట్రాలీలకు వెనక లైటు ఉండదు, ఉన్నా మట్టి కప్పేసి ఉంటుంది. చీకట్లో వచ్చే డ్రైవరుకు అక్కడ అడ్డం ఉందని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ట్రాలీ వెనక ఎర్రని రిఫ్లెక్టరు పట్టీ అతికించడం రైతుకు పెద్ద ఖర్చు కాదు. కూడలిలో తిరగడానికి విడిగా ఒక వరుస కేటాయించి, దీపాలు పెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఇంత పెద్ద రోడ్డులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంత చిన్న పనులు మిగిలిపోవడమే.

రాంగ్ రూటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎదురుగా ద్విచక్ర వాహనం రావడం ఈ మార్గంలో నిత్యం చూసేదే. దాన్ని క్రమశిక్షణ లోపంగానే చూసి జరిమానాలతో సరిపెట్టడం నాకు సమ్మతం కాదు. ఇంటి నుంచి బయటపడిన మనిషికి ఎదుటివైపు రెండు వందల మీటర్ల దూరంలో కిరాణా కొట్టు ఉండి, సక్రమంగా వెళ్లాలంటే కిలోమీటరు ముందుకు వెళ్లి యూ-టర్న్ తీసుకుని తిరిగి రావాలంటే, రోజుకు నాలుగుసార్లు ఆ పని ఎవరూ చేయరు. ఊళ్లు ఉన్న మేరకైనా రెండు పక్కలా తెగకుండా సర్వీసు రోడ్డు ఉంటే ఆ బండి ప్రధాన రహదారి ఎక్కనే ఎక్కదు. చాలాచోట్ల సర్వీసు రోడ్డు లేదు. ఉన్నచోట అది తోపుడు బండ్లకూ, నిలిపిన లారీలకూ, ఇసుక కుప్పలకూ నెలవైంది.

ములుగు దగ్గర అటవీ కళాశాల, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. గౌరారం దగ్గర వర్గల్ సరస్వతీ ఆలయానికి దారి మళ్లుతుంది. వసంత పంచమి నాడు అక్షరాభ్యాసాలకు వచ్చే కుటుంబాలతో ఆ మలుపు కిక్కిరిసిపోతుంది. ఈ భాగంలో పగటి ప్రయాణం హాయిగానే ఉంటుంది, తారు నునుపుగా సాగుతుంది, ఊళ్ల పేర్ల పలకలు స్పష్టంగానే ఉంటాయి.

రాత్రి పరిస్థితి వేరు. ఊళ్ల దగ్గర దీపాలు, ఊరు దాటగానే చీకటి, మళ్లీ దీపాలు. కళ్లు ఈ మార్పుకు అలవాటుపడేలోగా వాహనం చాలా దూరం వెళ్లిపోతుంది. పంట కోతల కాలంలో దీనికి తోడుగా రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. కుప్పల మీద నల్లని టార్పాలిన్ కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. నల్లని తారు మీద నల్లని పట్టా రాత్రిపూట కంటికి ఆనదు, ద్విచక్ర వాహనం ముందు చక్రం ఆ రాళ్లకు తగిలితే నిలదొక్కుకోవడం అసాధ్యం. రైతును నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. తేమ శాతం తగ్గితే తప్ప కొనుగోలు కేంద్రం ధాన్యం తీసుకోదు, ఆరబెట్టుకోవడానికి సిమెంటు కల్లం అందరికీ లేదు, వాన మబ్బు కనబడితే వేడెక్కిన తారు రోడ్డే అతనికి దిక్కు. రోడ్డు వెంట ఉన్న ప్రతి పెద్ద ఊరిలో ఉమ్మడి కల్లాలు కట్టడం వ్యవసాయపు పనే కాదు, రహదారి భద్రతకు సంబంధించిన పని కూడా.

బస్సు సౌకర్యం విషయంలో ఈ మార్గానికి మంచి మార్కులే పడతాయి. జేబీఎస్ నుంచి గజ్వేల్, సిద్దిపేట, కరీంనగర్ వైపు బస్సులు రోజంతా దొరుకుతాయి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రపు మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, ఇటువైపు నుంచి నగరంలో పనికి వెళ్లే స్త్రీలకు నెల ఖర్చులో పెద్ద ఊరట కలిగింది. జేబీఎస్ దగ్గరే మెట్రో ఉండటం మరో సౌలభ్యం. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) మధ్య మెట్రో మొదలైన నాటి నుంచి కరీంనగర్ బస్సు దిగినవారు సిటీ బస్సు కోసం వేచి ఉండకుండా నగరం నడిబొడ్డుకు చేరుకోగలుగుతున్నారు. కొరత ఉన్నది మధ్య దూరానికే. తూంకుంటకో, తుర్కపల్లికో వెళ్లేవారికి దూరప్రయాణపు బస్సు ఆగదు, ఆగే బస్సులో నిలబడే చోటు ఉండదు. బస్టాపుల్లో చాలావాటికి బస్సు పక్కకు ఒదిగే స్థలం లేక ఎడమ వరుసలోనే ఆగుతుంది, వెనక వచ్చే వాహనం ఒక్కసారిగా కుడివైపు కోస్తుంది. జేబీఎస్ నుంచి శామీర్‌పేట వరకు 22 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని 2025 జనవరి 1న ప్రకటించారు. అది వచ్చేలోగా శామీర్‌పేట వరకు తరచుగా తిరిగే సిటీ బస్సులు పెంచితే, కార్లు కొనుక్కునే స్తోమత లేనివారికి తక్షణం మేలు జరుగుతుంది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చిన మాట నిజమే కానీ, ఆ మార్గం మనోహరాబాద్ మీదుగా గజ్వేల్ చేరుకుంటుంది కాబట్టి శామీర్‌పేట, ములుగు పక్క ఊళ్లవారికి దానితో పని పడదు.

టోల్ గురించి అడిగేవారికి ఒక మాట. ఈ మార్గంలో నగరం నుంచి వెళుతుంటే మొదట తగిలే టోల్‌గేటు సిద్దిపేటకు ముందు దుద్దెడ దగ్గర ఉంది. తరువాతివి రేణికుంట, బసంత్‌నగర్. అంటే ప్రజ్ఞాపూర్ వరకు ప్రయాణానికి టోల్ చెల్లించనవసరం లేదు.

ఇప్పుడు ఈ రోడ్డు పక్కన స్థలమో, ఇల్లో కొనాలని చూస్తున్నవారి గురించి. గజ్వేల్ పరిసరాల్లో ప్రాంతీయ రింగు రోడ్డు ఉత్తర భాగం ఈ రహదారిని దాటి వెళ్లబోతోందన్న వార్తతో వెంచర్ల బోర్డులు వంటిమామిడి నుంచే మొదలయ్యాయి. ప్రతి బోర్డూ ‘రాజీవ్ రహదారికి ఆనుకుని’ అని చెబుతుంది. ఆనుకుని ఉండటం లాభమా, నష్టమా అన్నది ఆ స్థలం ముందు రోడ్డు ఎలా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. వెంచరు గేటు నేరుగా ప్రధాన రహదారి మీదికే తెరుచుకుంటుందా, సర్వీసు రోడ్డు మీదికా చూడండి. నగరం వైపు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు డివైడరు ఖాళీ ఎంత దూరంలో ఉందో, అక్కడ దీపం, సిగ్నలు ఉన్నాయో లేదో చూడండి. బడి బస్సు ఏ వైపు ఆగుతుందో, పిల్లలు రోడ్డు దాటవలసి ఉంటుందో లేదో స్థానికులను అడగండి. ఆదివారం మధ్యాహ్నం ఏజెంటు కారులో వెళ్లి చూస్తే ఇవేవీ తెలియవు. పనిరోజున సాయంత్రం ఏడు గంటలకు, సొంత బండి మీద, నగరం నుంచి బయలుదేరి వెళ్లి చూడండి. వీలైతే తల్లిదండ్రులను కూడా తీసుకువెళ్లి, ఆ గేటు ముందు రోడ్డును ఒకసారి నడిచి దాటి రమ్మనండి. తరువాత ధర మాట్లాడుకోవచ్చు.